ఎవరి నోటితో వారు పలకాలి

మా ఇంటి రెండో అంతస్తులో అద్దెకున్న నా పొరుగువారు మరణించారు. రెండు రోజులుగా మనిషి పలకడం లేదని శుక్రవారం మధ్యాహ్నం ఆఫీసువారు ఇంటి యజమానురాలికి ఫోను చేస్తే, అప్పుడు తలుపు పగలగొట్టించాము. బల్ల ముందు, కుర్చీ పక్కన, నేల మీద ఉన్నారు. గుండె ఆగిందన్నాడు వైద్యుడు. ఎప్పుడై ఉంటుందని అడిగాను. కచ్చితంగా చెప్పలేనన్నాడు. మళ్లీ అడిగే ధైర్యం నాకు లేకపోయింది.

కుందలహళ్ళిలోని ఆ ఇంట్లో యజమానురాలు కింద, నేను మొదటి అంతస్తులో, ఆయన నా నెత్తిన. నేను జీవితమంతా కావ్యాలూ వ్యాకరణమూ పాఠం చెప్పినవాణ్ణి. ఆయన కంప్యూటర్ల మధ్య దారులు వేసే ఇంజనీరు. హిందూపురం వైపు మనిషి. వయసులో నాకంటే ముప్పై ఏళ్లు చిన్న. అయినా ఆయనను నా చివరి గురువుగా తలుస్తాను.

మా స్నేహం ఆయన ఓటమితో మొదలైంది. నెట్‌వర్కింగ్ సర్టిఫికేషన్ పరీక్ష రెండుసార్లు తప్పారు. రెండుసార్లూ మల్టీకాస్ట్ అనే భాగమే ముంచింది. మూడోసారి కూడా తప్పితే కొత్త జట్టులో చోటు లేదని కంపెనీ చెప్పేసింది. నలభై ఏడేళ్ల వయసులో మళ్లీ పని వెతుక్కోవడమంటే ఏమిటో ఆయన ముఖం చూస్తే తెలిసేది.

"తెలియనోనికి చెప్తే నాకు తెలుస్తాది స్వామీ. మీకంటే తెలియనోడు ఈ వీధిలో దొరకడు," అన్నారు ఒకనాటి పొద్దున. కోపం రావలసింది, నవ్వు వచ్చింది.

ఆనాటి నుంచి, నా సంధ్యావందనం ముగిశాక, మెట్ల మీద పాఠం. మెట్టుకొక యంత్రం చొప్పున సుద్దముక్కతో గీసేవారు. "నా మెట్లన్నీ పలక చేసినారే మీరిద్దరూ!" అని కింది నుంచి యజమానురాలు కేకలు వేసేది.

"వినాయకుని పందిట్లో మైకు ఉండాది చూడండి, వద్దన్నోనికీ పడతాది. అది బ్రాడ్‌కాస్ట్. మల్టీకాస్ట్ అట్లా కాదు, చెవి ఇచ్చినోనికే," అనేవారు. ఒకరోజు నన్ను కవ్వించడానికి, "మీ వేదం కూడా ఇంతే గదా స్వామీ, పంపినోడు అందిందా లేదా అని చూడడు," అన్నారు. "చూడబట్టే కదా నాయనా వల్లె వేయిస్తాము," అన్నాను. ఆ మాట ఆయనకు పట్టుకుంది. జటాపాఠంలో ఒకటి రెండు, రెండు ఒకటి, ఒకటి రెండు అని పదాలను ముందుకూ వెనుకకూ తిప్పి చెప్పించే పద్ధతి నేర్పితే, తన యంత్రాల వరుసను అలాగే వల్లించారు. ఆయన పరీక్ష తప్పడానికి కారణమైన ప్రశ్న అక్కడే విడిపోయింది. "యంత్రం యాడికి పోవల్లని చూడదు స్వామీ, యాడ్నించి వచ్చిందని చూస్తాది! రెండుసార్లూ తిరగేసి రాసినా," అని మెట్టు మీద చరిచారు.

అన్నింటికంటే నాకు నచ్చిన పాఠం మరొకటి. దారి చివరి యంత్రం కొంతసేపటికొకసారి, ఎవరైనా వింటున్నారా అని అడుగుతుందట. జవాబు రాకపోతే ఆ వైపు ప్రవాహాన్ని ఆపేస్తుంది. పాత పద్ధతిలో ఒకటి జవాబిస్తే, అది విన్న మిగిలినవి మౌనం వహిస్తాయి. కొత్త పద్ధతిలో ప్రతి ఒక్కటీ పలకాలి. మాట పొదుపుగల పాత పద్ధతే ముచ్చటగా ఉందన్నాను.

"ముచ్చటే స్వామీ. కానీ యెవుడు ఉండాడో యెవుడు పోయినాడో తెలీదు. ఎవుని నోటితో వాడు చెప్పల్ల."

అప్పటి నుంచి ఉదయం లేవగానే మెట్ల కింద నిలబడి "వింటున్నావా?" అని పిలవడం నా వంతు, పైనుంచి "వింటాండా స్వామీ!" అనడం ఆయన వంతు. అది మాకు ఒక నిత్యకర్మ అయింది.

పరీక్ష శనివారం. బుధవారం పలికారు. గురువారం పిలిచాను, జవాబు లేదు. రెండోసారి పిలవబోతుండగా, వాకిట్లో ముగ్గు వేస్తున్న యజమానురాలు తలెత్తి, "ఉండాడు లే స్వామీ, బండి ఈడనే ఉండాది గదా. చదువుకుంటా ఉంటాడు," అన్నది. ఆమె జవాబు విన్నాను. నేను ఊరుకున్నాను. శుక్రవారం, పరీక్ష ముందు రోజు కదా, కదిలించకూడదని పిలవనే లేదు.

తలుపు పగలగొట్టిన తరువాత ఆమె మెట్ల మీద కూలబడి, "మీరు మళ్లీ పిలిచింటారు, పలికింటాడనే అనుకుంటిని స్వామీ," అని ఏడ్చింది. నేను ఆమె మాట మీద, ఆమె నా పిలుపు మీద నిశ్చింతగా ఉన్నాము. గడప దాటి ఒక్కరమూ పైకి ఎక్కలేదు. పన్నెండు మెట్లు.

శనివారం పది గంటలకు ఆయన పరీక్ష. ఆ పది గంటలకు మేము విద్యుత్ శ్మశానం బయట వరుసలో నిలబడి ఉన్నాము. హిందూపురం నుంచి వచ్చిన తమ్ముడు నన్ను పక్కకు పిలిచి, "ఈ తూరి మా అన్న పాసయ్యేవాడా స్వామీ?" అని అడిగాడు. "అయ్యేవాడు," అన్నాను. శాస్త్రం మీద ప్రమాణం చేసి చెప్పగలిగిన మాట ఆ రోజు నా దగ్గర అదొక్కటే ఉంది.

కర్మకాండ ముగిశాక వచ్చి సామాను తీసుకువెళతానని, అంతవరకు ఏదీ కదిలించవద్దని తమ్ముడు చెప్పి వెళ్లాడు. అందువల్ల సాధన కోసం ఆయన కొనుక్కున్న రెండు పాత రౌటర్లు, మెట్ల మీద గీసి చూపిన ఆ యంత్రాలే, బల్ల మీద ఇంకా నడుస్తూనే ఉన్నాయి. ఇప్పుడు ప్రతి ఉదయం ఆ పన్నెండు మెట్లూ ఎక్కుతున్నాను. పైమెట్టు మీద ఆయన సుద్దగీతలు ఉన్నాయి. యజమానురాలు అక్కడ మాత్రం నీళ్లు చల్లడం లేదు. కిటికీ అద్దంలోంచి చూస్తే, తలుపు బాగుచేయించి తాళం వేసిన గదిలో చిన్న పచ్చ దీపం కొద్దిసేపు నిలకడగా ఉండి, ఒక్కసారి మినుకుమంటుంది. ఎవరైనా వింటున్నారా అని అడుగుతూ ఉంటుంది. మళ్లీ నిలకడగా ఉంటుంది. మళ్లీ అడుగుతుంది.