పాల వాసన, పదిహేను రోజుల ఇంగ్లీషు

డెయిరీ గేటు దాటగానే ఎడమ చేతి వైపు ఎత్తరుగు ఉంటుంది. పాల లారీలు వెనక్కి వచ్చి దానికి ఆనుకుంటాయి. ఆ అరుగు మీద ఇరవై తొమ్మిదేళ్ళుగా ముక్కక్క నిలబడుతోంది. అసలు పేరు జీతం కాగితంలో ఉంది, దానితో ఎవరికీ పని పడలేదు. ఆవిడ చేసే పని చెబితే కొత్తవాళ్ళు మొహం చిట్లిస్తారు. క్యాను మూత తీసిన క్షణంలో ముక్కు లోపల పెట్టి వాసన చూడాలి, అంతే. గుట్టంతా మూత కింద ఇరుక్కున్న మొదటి గాలిలోనే ఉంటుంది, రెండోసారి పీలిస్తే చెదిరిపోతుంది. కిరసనాయిలు, ఫినాయిలు, తుప్పు, సరిగ్గా కడగని రబ్బరు, దేని కంపు దానిదే. ఆవిడ "ఊఁ" అంటే పాలు లోపలికి, "ఆపు" అంటే వెనక్కి. ఆ మాట అన్నాక మేనేజరు దిగొచ్చినా ఆ క్యాను కదలదు.

ఆ ముక్కుని కాపాడుకోవడం మామూలు సంగతి కాదు. ఒంటికి పౌడరు లేదు, వాసన సబ్బు లేదు, వాసన నూనె లేదు, పొద్దున పూట ఉల్లిపాయ లేదు. మనవడు పుట్టినప్పుడు వాడికి పౌడరు వేశారని మూడు నెలల పాటు ఎత్తుకోలేదు. కూతురు మూతి ముడుచుకుంది. ముక్కక్క పట్టించుకోలేదు. పట్టించుకోలేదని అందరూ అనుకున్నారు, అదీ సంగతి.

మూడేళ్ళ క్రితం అరుగు మీదకి మిషన్ వచ్చింది, దానితో పాటు ఎమ్మెస్సీ చదివిన మిషనమ్మాయి వచ్చింది. చెంచాడు పాలు పీల్చుకుని నిమిషంలో వెన్న ఎంత, నీళ్ళెన్ని, పులుపెంత అని చెప్పేస్తుందా మిషన్. వాసన మాత్రం దానికి తెలీదు. వచ్చిన రోజే ముక్కక్క, "నీళ్ళ సంగతి నువ్వు చూసుకో అమ్మాయ్, కంపు సంగతి నేను చూసుకుంటా" అంది. "సరే అక్కా" అంది ఆ పిల్ల. ఆ అరుగు మీద తరాల మధ్య జరిగిన చర్చ మొత్తం అంతే. ఆ తర్వాత మూడేళ్ళలో ఇద్దరూ గట్టిగా ఒక మాట అనుకున్నది లేదు.

పుల్ల పెట్టింది ఆఫీసు. ఒక పెద్ద ఐస్ క్రీమ్ కంపెనీ ఈ డెయిరీ పాలు కొంటానంటూ పంపిన ఫారంలో ఒక ప్రశ్న ఉంది: మీ సంస్థలో వేర్వేరు తరాలవాళ్ళు ఎలా కలిసి పనిచేస్తున్నారు? మేనేజరుకి అది చదవగానే పూనకం వచ్చినట్టయింది. పదిహేను రోజుల ఇంగ్లీషు క్లాసు పెట్టించాడు. తరాల తేడా గురించి, పని గురించి, విలువల గురించి ఇంగ్లీషువాళ్ళ జాతీయాలతో ఎలా మాట్లాడాలో నేర్పుతారట. ఆఖర్న ఐస్ క్రీమ్ వాళ్ళొస్తే వాళ్ళ ముందు ఒక పాత మనిషి, ఒక కొత్త మనిషి మాట్లాడాలట. నోటీసు చివర చిన్న అక్షరాల్లో అసలు విషం ఉంది. "ఆపు" అనే అధికారం ఇకమీదట మనిషి దగ్గర ఉండాలా, మిషన్ దగ్గర ఉండాలా అన్నది ఈ క్లాసు అయ్యాక తేలుస్తారు. క్లాసుకి రానివాళ్ళని ఆ లెక్కలోకి తీసుకోరు.

"నా ముక్కుకీ ఇంగ్లీషుకీ ఏంటమ్మా సంబంధం?" అంది ముక్కక్క.

"ఏం లేదక్కా. అయినా వెళ్దాం పద" అంది మిషనమ్మాయి.

క్లాసు పొద్దున ఎనిమిది నుంచి తొమ్మిది దాకా, క్యాన్లు అయిపోయాక, ట్యాంకర్లు రాకముందు. ఏసీ గది, తలుపులన్నీ మూసేసి ఉన్నాయి. ట్రైనరుకి ముప్పై ఏళ్ళుంటాయి. మనిషి కంటే ముందు సెంటు లోపలికొచ్చింది. చిలకరించుకోవడం కాదు, దాంట్లోనే స్నానం చేసినట్టున్నాడు. ముక్కక్క తల పక్కకి తిప్పుకుంది. "రండి ఆంటీ, ముందుకొచ్చి కూర్చోండి" అన్నాడు. ఆ ఆంటీ అనే మాటతో అతని మీద మిగిలిన కాస్త గౌరవం కూడా చచ్చిపోయింది.

బోర్డు మీద జాతీయాలు రాశాడు. ముక్కక్క పదో తరగతి చదివిన మనిషి, నోట్సు రాయడంలో దిట్ట. నడిమధ్యన గీత గీసి పెద్దవాళ్ళ గురించినవి ఒక పక్క, చిన్నవాళ్ళ గురించినవి ఒక పక్క రాసుకుంది. పెద్దవాళ్ళ పక్కన "ఓల్డ్ స్కూల్", అంటే పాత పద్ధతి మనిషి. "ఓవర్ ద హిల్", కొండెక్కి దిగిపోయిన మనిషి. "డెడ్ వుడ్", ఎండు కట్టె, పని చెయ్యకుండా కుర్చీకి అంటుకున్నవాడు. "డైనోసార్", దాన్ని వివరించక్కర్లేదు. చిన్నవాళ్ళ పక్కన "ఫ్రెష్ బ్లడ్", తాజా రక్తం. "గో గెటర్", దూసుకుపోయేవాడు. మూడో రోజుకి ఆ పేజీ చూసుకుంటే ఆవిడకి ఒళ్ళు మండిపోయింది. ఒక పక్కంతా కాటికి పంపే సరంజామా, ఇంకో పక్కంతా పెళ్ళి పందిరి.

"ఓల్డ్ స్కూల్ అంటే తిట్టు కాదు ఆంటీ, పొగడ్త" అన్నాడు ట్రైనరు. పొగడ్త అని పక్కన నిలబడి చెప్పాల్సొస్తే అదేం పొగడ్త అనుకుంది.

"ఫ్రెష్ బ్లడ్ తో ఒక వాక్యం చెప్పండి" అని అడిగాడు.

"పాలల్లో తాజా రక్తం కనపడితే ఆవుకి పొదుగు వాచిందని అర్థం. అవి మేం మురిక్కాలవలో పోయిస్తాం" అంది.

క్లాసంతా నవ్వింది. ట్రైనరు కూడా నవ్వి "లవ్లీ ఆంటీ" అన్నాడు. ఆవిడ నవ్వించడానికి అనలేదు.

ఇంకో రోజు, మీ తరం పని కోసం బతుకుతుంది, వీళ్ళ తరం బతకడం కోసం పనిచేస్తుంది, అదే తేడా అని రెండు ఇంగ్లీషు ముక్కలు రాశాడు. "పని కోసం బతికానని నీకెవరు చెప్పారు బాబూ? ఇద్దరు పిల్లల్ని చదివించుకోవాలని కనపడ్డ ప్రతి క్యానులో ముక్కు పెట్టాను" అంది. "దట్స్ ద స్పిరిట్!" అని చప్పట్లు కొట్టాడు. వీడికి నిజం చెప్పడం, గోడకి చెప్పడం ఒకటేనని ఆ రోజు తేలిపోయింది.

తొమ్మిదో రోజు జరిగింది అసలు ఘోరం. ఇద్దరిద్దరు ఎదురెదురుగా కూర్చుని మాట్లాడుకోమన్నాడు. ముక్కక్కకి జోడీ దొరక్క తనే కుర్చీ లాక్కుని ఆవిడ ముందు కూర్చున్నాడు, గంటసేపు. తొమ్మిదిన్నరకి ట్యాంకరొచ్చింది. ముక్కక్క నిచ్చెనెక్కి మూత తీసి పీల్చింది. పాల వాసన రాలేదు, సెంటు వాసన వచ్చింది. కోటులో సెంటు, జుట్టులో సెంటు, ముక్కు లోపల సెంటు. "నా ముక్కు పనిచెయ్యట్లేదు, కాసేపు ఆగండి" అంటే సరిపోయేది. ఇరవై తొమ్మిదేళ్ళలో ఆ మాట ఒక్కసారి కూడా అనలేదు, కింద నలుగురు చూస్తున్నారు, సిగ్గేసింది. "ఊఁ" అంది. సాయంత్రానికి ప్యాకెట్లు తిరిగొచ్చాయి, ఊరంతా ఒకటే ఫిర్యాదు, పాలు ఫినాయిలు కంపు కొడుతున్నాయని.

తప్పు తనదే. ఆ రాత్రి అన్నం సయించలేదు. ఎవరి ఇంట్లోనో పసిపిల్లలు అవి తాగి ఉంటారన్న ఆలోచన ఆవిడని వదల్లేదు.

మేనేజరు కేకలేస్తాడనుకుంది. వెయ్యలేదు. కుర్చీ చూపించి, నీళ్ళిచ్చి, మెత్తగా, "ఇట్స్ టైమ్ టు పాస్ ద టార్చ్, మేడమ్" అన్నాడు. కాగడా తర్వాతివాళ్ళకి అందించే వేళయింది అని. నాలుగో రోజు పాఠం అది.

"నా ముక్కు చెడిపోలేదు సార్. ఆ అబ్బాయి సెంటు వల్ల ఇలా అయింది."

"ఒకళ్ళ మీద తోసెయ్యడం వద్దు మేడమ్. ఏజ్ ఈజ్ జస్ట్ ఎ నంబర్, కానీ..." అని ఆ కానీ దగ్గరే ఆపి నవ్వాడు.

అంత తియ్యటి మాటల్లో అంత కంపు ఆవిడ ఏ క్యానులోనూ చూడలేదు. వెళ్ళి ట్రైనరునే అడిగింది, బాబూ, మిగిలిన ఆరు రోజులు సెంటు మానెయ్యి అని. "అది నా పర్సనల్ స్టైల్ ఆంటీ. చూశారా, తరాల తేడా అంటే ఇదే!" అన్నాడు సంబరంగా. మర్నాడు బోర్డు మీద తరాల తేడాకి ఉదాహరణగా ఆవిడనే రాశాడు. ముక్కక్క తలుపు దగ్గరికి కుర్చీ జరుపుకుని, తడిగుడ్డ ముక్కుకి అడ్డం పెట్టుకుని మిగతా రోజులు కూర్చుంది. క్లాసవగానే ఉప్పునీళ్ళతో ముక్కు కడుక్కునేది, పావుగంట గాలికి నిలబడి గానీ నిచ్చెనెక్కేది కాదు.

ఐస్ క్రీమ్ వాళ్ళు నలుగురొచ్చారు. మీటింగు హాల్లో మేనేజరు రాసిచ్చిన ఏడు వాక్యాలూ ముక్కక్క తప్పు లేకుండా చెప్పింది. నేను ఓల్డ్ స్కూల్ మనిషినని, డేటాని నమ్ముతానని, సంతోషంగా కాగడా అందిస్తున్నానని. ఆ ముక్కలు తన నోట్లోంచి అంత సాఫీగా జారడం చూసి తన మీద తనకే రోత పుట్టింది. చప్పట్లు మోగాయి. మిషనమ్మాయి తన వంతుకి, పెద్దవాళ్ళ భుజాల మీద మేం నిలబడ్డాం అంది. మళ్ళీ చప్పట్లు. ఈ రోజు నుంచి పాలు ఆపాలా వద్దా అన్నది మిషన్ నంబర్లే తేలుస్తాయని మేనేజరు గొప్పగా ప్రకటించాడు.

వచ్చినవాళ్ళలో తల నెరిసిన ఒకావిడ ఉంది. మామూలు మాటల్లోనే మిషనమ్మాయిని అడిగింది. "ఈవిడ తర్వాత ఆ వాసన చూసే పని నువ్వు చేస్తావా అమ్మా?"

కాగితంలో లేని ప్రశ్న. ముక్కక్క అటు తిరిగింది. చేస్తానంటుందనే అనుకుంది. మూడేళ్ళు పక్కన నిలబడ్డ పిల్ల, ఇంకేమంటుంది?

"చెయ్యనండీ" అంది ఆ పిల్ల. "నాకు అసహ్యం. పని కాదు, ఆ పనికి మనిషిని వాడుకునే తీరు అసహ్యం. అక్క మనవణ్ణి మూడు నెలలు ఎత్తుకోలేదండీ, ఈ క్యాన్ల కోసం. దానికి వీళ్ళిచ్చింది ఒక ముద్దుపేరు. ఒక్కరోజు వాసన తెలీకపోతే కాగడా ఇచ్చెయ్యమన్నారు. నా ముక్కు నేనివ్వను."

ముక్కక్కకి చెంప మీద కొట్టినట్టయింది. కొట్టింది తన తరఫున మాట్లాడిన మనిషే, అందులో ఒక్క అబద్ధం లేదు. మేనేజరు లేచి, "చూశారా, మా దగ్గర ఎవరి అభిప్రాయం వాళ్ళు ధైర్యంగా చెప్పుకోవచ్చు" అని ఇంగ్లీషులో సర్దేశాడు. దానికి కూడా చప్పట్లు కొట్టారు. ఆ చప్పట్లు విన్నాక ఆవిడకి ఆ గదిలో ఊపిరి తీసుకోబుద్ధి కాలేదు.

ఈ తతంగం అయ్యేదాకా ఒక ట్యాంకరు రెండు గంటలు ఎండలో నిలబడింది. అతిథుల్ని వెంటేసుకుని మేనేజరు అరుగు మీదకొచ్చాడు. మిషనమ్మాయి కింది కుళాయిలోంచి పాలు పట్టి మిషన్ కిచ్చింది. వెన్న సరే, నీళ్ళు లేవు, పులుపు సరే. ముక్కక్కని ఎవరూ ఎక్కమనలేదు, ఆవిడే ఎక్కింది. మూత కాస్త ఎత్తగానే తల వెనక్కి తీసేసింది.

"ఆపు. లోపల ఏదో చచ్చింది."

"మేడమ్, నంబర్లు బాగున్నాయి" అన్నాడు మేనేజరు, నవ్వు చెదరకుండా. "ఇందాకే అనుకున్నాం కదా. అమ్మాయ్, ఓకే నొక్కు."

మిషనమ్మాయి వేలు బటన్ మీదకి వెళ్ళి ఆగింది. మిషన్ వైపు చూసింది, నిచ్చెన మీదున్న మనిషి వైపు చూసింది. "దిగక్కా" అంది. తనెక్కింది. మూత పూర్తిగా తీసి మొహం లోపల పెట్టింది. రెండు క్షణాల్లో దిగి, అరుగు చివరికి పరిగెత్తి, అతిథులందరి ముందూ భళ్ళున కక్కుకుంది. నోరైనా కడుక్కోకుండా వచ్చి, పాలు వద్దనే ఎర్ర బటన్ నొక్కింది.

"నంబర్లు బాగున్నాయి కదా!" అని అరిచాడు మేనేజరు.

"మీరెక్కి చూడండి సార్."

ఆయన ఎక్కలేదు. అతిథుల్లో ముగ్గురు జేబురుమాళ్ళు తీశారు. ట్రైనరు ఎప్పుడు జారుకున్నాడో ఎవరూ చూడలేదు.

ముక్కక్క చెంబుతో నీళ్ళు తెచ్చి ఆ పిల్ల వీపు నిమిరింది.

"ఇవాళ ఎక్కాను కదా అని రోజూ ఎక్కుతాననుకోకక్కా" అంది ఆ పిల్ల, కళ్ళు తుడుచుకుంటూ.

"అనుకోను."

"నువ్వు దిగిపోయాక ఎవరెక్కుతారో నాకు తెలీదు."

ముక్కక్క రిటైరవడానికి పదకొండు నెలలుంది. కోపం తెచ్చుకుందామంటే ఆ పిల్ల మీద రాలేదు. ఎవరి మీద రావాలో వాళ్ళు అతిథుల్ని కార్లెక్కిస్తున్నారు.

ట్యాంకరు డ్రైవరు ఫోన్లో ఎవరితోనో గుసగుసలాడి బండి తిప్పాడు. పాలు కాలవలో పోస్తాడనుకుంది. మర్నాడు అతనే, నిన్న నష్టం రాలేదక్కా అంటూ ఉత్సాహంగా చెప్పాడు. అరగంట దూరంలో ఇంకో డెయిరీ ఉందట, అక్కడ అరుగు మీద మనిషి లేరు, మిషన్ ఒక్కటే. మధ్యాహ్నానికల్లా మొత్తం దించేసుకున్నారట.