నాయన భుజాల మీది చోటు

మహదేవపురలోని మా ఫ్లాట్లో సాయంత్రమయ్యేసరికి నీలగిరి తైలం వాసన కమ్ముకుంటుంది. పొద్దుటి నుంచీ లాప్‌టాప్ ముందు ముడుచుకుని కూర్చున్న పాపానికి నా మెడకీ కుడి రెక్కకీ రాసుకునే తైలం అది. ఆ ఘాటు ముక్కుకి తగిలితే చాలు, కింద రింగురోడ్డు హోరు ఎటో వెళ్లిపోయి, ఇదే ఊళ్లో కాటన్‌పేటలో మా పాత వఠారం, అందులో మా ఒంటి గది, ఆ గదిలో ఇదే తైలం రాసుకుని చాప మీద బోర్లా పడుకున్న మా నాయన కళ్లముందుకొస్తాడు.

నాయన టోకు బట్టల కొట్లో గుమాస్తా. రోజంతా తెల్లటి పరుపు మీద బాసింపట్టు వేసుకుని కూర్చోవడం, బేరం రాగానే కూర్చున్న చోటి నుంచే నడుం మెలితిప్పి వెనక అరలోంచి బట్టల తాను లాగి గిరాకీ ముందు పరచడం, వాళ్లు పెదవి విరిస్తే మళ్లీ చుట్టి పెట్టడం, ఇదీ ఆయన ఉద్యోగం. పొద్దున ఒట్టి కాఫీ మీద వెళ్లేవాడు, మధ్యాహ్నం అన్నం సాయంత్రానికి తినేవాడు, మరుగుదొడ్డి సందు చివర ఉందని దాహమైనా మంచినీళ్లు ముట్టేవాడు కాదు. ఆకలికీ దాహానికీ అన్నిటికీ బీడీయే.

ఇంటికి రాగానే చొక్కా విప్పి, "పుట్టీ, కొంచెం బెన్ను తొక్కు రా" అనేవాడు. నేను కిటికీ ఊచలు రెండు చేతులా పట్టుకుని ఆయన వీపు మీదికి ఎక్కేదాన్ని. వానాకాలం ఆ ఊచలు చల్లగా జలదరింపు పుట్టించేవి, ఎండాకాలం సాయంత్రాల్లో ఇంకా వెచ్చగానే ఉండేవి. "ఎముక మింద గాదు, పక్కన," అని నాయన మూలిగేవాడు. అరికాళ్ల కింద కండలు పాత చింతపండులా గట్టిగా తగిలి, తొక్కగా తొక్కగా కాస్త మెత్తబడేవి. బయట పిల్లల కుంటుడుబిళ్ల కేకలూ, ఒక పక్కింటి ఊదుకడ్డీల వాసనా, ఇంకో పక్క నర్సు సువార్తమ్మ ఆంటీ పాడుకునే ప్రార్థన పాటా కిటికీలోంచి లోపలికొచ్చేవి. కొట్లో జరిగిన ముచ్చట్లన్నీ నాయన నాకు చెప్పేది అప్పుడే, అదీ చాపకేసి ముఖం పెట్టి. అంత గర్వంగా నేను ఇంకే పనీ చెయ్యలేదు.

ఆ సేవకి నాకు కార్తీకమాసంలో గొప్ప బహుమానం ఉండేది. బసవనగుడిలో కడలెకాయ పరిషకి, అంటే వేరుశనక్కాయల తిరనాళ్లకి, నన్ను భుజాల మీద కూర్చోబెట్టుకుని తీసుకెళ్లేవాడు. దారికి రెండు పక్కలా కొండల్లా పోసిన పచ్చి వేరుశనక్కాయలు, వేయించినవి, ఉప్పేసి ఉడికించినవి, బొరుగులు, బత్తాసులు, రంగుకాగితాల గాలిమరలు, మసిబారిన బాండీల్లో ఇసకలో కాయలు వేగుతున్న పొగ. అందరి తలలూ నాకు కిందే. నేను కాయలు ఒలిచి పైనుంచి ఆయన నోట్లో పెట్టేదాన్ని, పొట్టంతా ఆయన జుట్టులోనే రాలేది. ఆ చోటు నాదే అనుకున్నాను, ఎప్పటికీ.

ఒక ఏడాది పరిషలో నన్ను ఎత్తుకుందామని వంగిన నాయన వంగినట్టే ఉండిపోయాడు. మొహమంతా చెమట, ఒక చెయ్యి మోకాలి మీద. జనం మమ్మల్ని తప్పుకుని పోతున్నారు. కాసేపటికి, "ఈ పొద్దు నడిచే పోదాం పా పుట్టీ," అన్నాడు. ఆ ఏడు నాకు జనం నడుములూ దుమ్మూ తప్ప ఏమీ కనబడలేదు.

తర్వాత నాయన మంచం పట్టాడు. కొట్టు యజమాని చూడ్డానికొచ్చి, "బాగయ్యేదంకా పడుకోప్పా, నీ చోట్లో వేరే వాణ్ని కూర్చోబెట్టుండాను," అని మంచిగానే చెప్పిపోయాడు. ఉద్యోగం పోయినట్టేననుకుని అమ్మ సువార్తమ్మ ఆంటీకి కబురు పెట్టింది.

ఆంటీ డ్యూటీ నుంచి నేరుగా మా ఇంటికే వచ్చింది. నాయన గోడవైపు తిరిగి, "ఒళ్లొంచి పని చేసేవానికి నొప్పులు రాకుండా ఉంటాయా?" అన్నాడు. వఠారంలో అందరిదీ అదే నమ్మకం. నొప్పి కూడా ఉద్యోగంలో భాగమే అనుకునేవాళ్లు.

"పని ఒక్కటే కాదన్నయ్యా," అంది ఆంటీ. "వేళకి తినవు, నీళ్లు తాగవు, పొద్దస్తమానం పొగ పీలుస్తావు, ఆదివారమంతా కట్టెలా పడుకుంటావు. పడుకునే కొద్దీ బిగుసుకుపోద్ది. లే, మెల్లగా నడువు. పాపని ఎత్తేటప్పుడు కూడా నడుం కాదు, మోకాళ్లు వంచు."

నాయన గొణుక్కుంటూనే లేచాడు. ముందు వఠారంలో ఆ చివరికీ ఈ చివరికీ, కొన్నాళ్లకి పక్కనున్న బళేపేట దాకా నడిచాడు. కొట్లో తన పరుపు మీదికి మళ్లీ చేరాక కూడా బట్టల తాను కావాలంటే లేచి తీసేవాడు, అమ్మ పంపిన అన్నం వేళకి తినేవాడు. బీడీ మాత్రం ఏడిపించి ఏడిపించి పోయింది. దాని బదులు చొక్కా జేబులో సోంపు గింజలు చేరాయి. నా చేత వీపు తొక్కించుకోవడం కూడా ఎప్పుడో ఆగిపోయింది, ఎప్పుడన్నది నేను గమనించనే లేదు.

పూర్తిగా తేరుకున్నాక వచ్చిన పరిషలో నాయన ఆంటీ చెప్పినట్టే మోకాళ్లు వంచి, నా చంకల కింద చేతులు పెట్టి, నన్ను పైనుంచి కిందిదాకా చూసి నవ్వేశాడు. "ఎప్పుడు పెరిగితివే ఇంత?" అన్నాడు. పక్కపక్కనే నడిచాం. ఆయన నడుం నయమైంది గానీ, నా చోటు మాత్రం పోయింది. ఆ రోజు కాయలు ఒలుచుకుంటూ నాకు ఏడుపొచ్చింది.

ఇప్పుడు నాయన లేడు. వఠారం పడగొట్టి దుకాణాల సముదాయం కట్టేశారు, ఆ కిటికీ ఊచలు ఏ పాత ఇనుపసామాన్లలో కలిశాయో. కానీ నా బల్ల మీద కాఫీ ఉంది, చల్లారిన అన్నం ఉంది, పొద్దున నింపి మూత తియ్యని నీళ్ల సీసా ఉంది. బీడీ ఒక్కటే తక్కువ.

నా కూతురికి ఐదేళ్లు. కిటికీలోంచి మెట్రో పనుల క్రేన్ చూడాలని రోజూ "ఎత్తుకో" అని చేతులు చాచేది, రోజూ "మెడ నొప్పమ్మా, తర్వాత" అనేదాన్ని. నిన్న సాయంత్రం తలెత్తి చూస్తే, వంటింట్లోంచి స్టూలు ఈడ్చుకొచ్చి, దాని మీద నిలబడి, గ్రిల్లు పట్టుకుని, తనే చూసుకుంటోంది.

"దిగు, నేను ఎత్తుకుంటాను," అన్నాను.

"నీకు నొప్పి కదమ్మా. స్టూలు ఉందిలే," అంది వెనక్కి తిరక్కుండానే.

లాప్‌టాప్ మూసేశాను. స్టూలు దగ్గరికి నడిచి, మోకాళ్లు వంచి, చేతులు చాచి, పాప తిరిగి చూసేదాకా అలాగే ఉన్నాను.