మధ్య గదిలో మంచమంత తడి

రాయదుర్గంలో గదులు కట్టి కిరాయికి ఇద్దామనుకునేవాళ్లు ఈ మధ్య నా దగ్గరికి సలహాకు వస్తున్నారు. ఫ్యాక్టరీ ఉద్యోగులు ఇటు వస్తుండటంతో గదులకు గిరాకీ పెరిగింది. వాన నీళ్లు ఎటు పారతాయో చూసి పునాది తీయమంటాను. కిరాయిదారు మారినప్పుడల్లా సున్నం వేయించమంటాను. షరతులన్నీ కాగితం మీద రాసుకోమంటాను. నా కాగితంలోని ఒక షరతు సంగతి మాత్రం ఎవరికీ చెప్పలేదు. అది రాసిన చేతిని చూస్తే నాకే రోత. చెప్పకపోతే ఇంకొకరు అదే రాస్తారని ఇది రాస్తున్నాను.

దయ్యాలను నేనెన్నడూ నమ్మలేదు. ఏడో తరగతితో బడి ఆగినా, వారం వారం సైకిల్ మీద సిటీ లైబ్రరీకి పోయి సైన్సు, ఇంటి నిర్మాణం పుస్తకాలు అర్థమయ్యేదాకా చదివినవాణ్ణి. చెడ్డ నక్షత్రంలో మనిషి పోతే ఇల్లు నెలల తరబడి మూసిపెట్టాలన్న మాటనూ నమ్మలేదు. కానీ చావు జరిగిన గదిలోకి ఎవరూ కిరాయికి రారని తెలుసు. అందుకే "ఇంట్లో చావు జరగరాదు" అని రాశాను. నమ్మకం వాళ్లది, జాగ్రత్త నాది అనుకున్నాను.

నేను కిరాయికి కట్టిన మూడు గదుల్లో మధ్యదాంట్లో సూర్యారావు ఉండేవాడు. కోస్తా నుంచి వచ్చిన ఫిట్టర్. భార్య, ముసలి తల్లి. తల్లి మంచం పట్టి, వీపంతా పుండ్లు పడ్డాయి. ఒక శ్రావణంలో దవాఖాన వాళ్లు ఇక లాభం లేదని ఇంటికి పంపేశారు. ఆమె ఎగశ్వాస వింటూనే నేను పోయి షరతు గుర్తుచేశాను.

"బయట వాన పడుతోందండి. రెండు రోజులు కూడా ఉండదండి."

"కాగితం మీద సంతకం నీదే గద."

భార్యాభర్తలిద్దరూ మంచం ఎత్తి వాకిట్లో పెట్టి, నాలుగు వెదురు బొంగులకు టార్పాలిన్ కట్టారు. అది కారింది. మరునాడు మధ్యాహ్నం, నేను అరుగు మీద నిలబడి చూస్తుండగానే, తడిసిన దుప్పటి కింద ఆమె కాళ్లు కదలడం ఆగిపోయింది.

కర్మ కాగానే వాళ్లు ఖాళీ చేశారు. సున్నం వేయించి వేరేవాళ్లకు ఇచ్చాను.

కొత్తవాళ్లు దిగిన మూడో రోజే గచ్చు మీద తడి కనబడింది. లోపల ముసలామె మంచం ఉండిన చోట, సరిగ్గా మంచమంత. అంచులు గీసినట్టున్నాయి. చేయి పెడితే జిగురు, ముక్కు దగ్గర పెట్టుకుంటే పుండు వాసన. కొత్తగా వచ్చినామె అక్కడే వాంతి చేసుకుంది. వారంలో వెళ్లిపోయారు.

నేల చెమ్మ గోడల మొదట్లోకి ఎక్కుతుందని చదివాను. గోడలు పొడిగా ఉన్నాయి. కప్పు ఎక్కి చూశాను, ఎక్కడా చిల్లు లేదు. మేస్త్రీ మల్లయ్యతో గచ్చు తవ్విస్తే రెండడుగుల లోతు దాకా ఎండిన మొరం మట్టే వచ్చింది. ఇసుక పోసి షాబాద్ బండలు పరిపించాను. నాలుగో రోజు ఆ బండల మీదే తడి. ఎండాకాలం బావి అడుగంటినా అది ఆరలేదు.

"నీ పుస్తకాలల్ల దీనికేమన్న రాసిండ్రా?" అంది నా భార్య యాదమ్మ. "రాస్తే సదువు, నేను గూడ ఇంట."

మళ్లీ వానలు మొదలైన రోజు మల్లయ్య వాకిట్లోంచి పిలిచాడు. "అన్నా, జర గిటు రా."

వాకిలంతా చీలమండల లోతు బురద. మధ్యలో మంచమంత మేర తెల్లటి దుమ్ము. వాన దాని మీదా పడుతోంది. చినుకులు పడటం నా కళ్లతో చూశాను. వంగి పిడికెడు తీసుకుంటే పొడి మట్టి వేళ్ల సందుల్లోంచి జారిపోయింది.

"అవ్వ పాణం పోయింది ఈడనే గద," అన్నాడు మల్లయ్య. "ఈడ నానాల్సింది లోపట నానుతున్నదే అన్నా."

ఆ షరతు కొట్టేశాను. సూర్యారావు మణికొండలో ఉన్నాడని తెలిసి, పోయి క్షమించమన్నాను. అతను నా చెప్పుల వైపు చూస్తూ అన్నాడు.

"అమ్మ మిమ్మల్నేమీ తిట్టలేదండి. లోపలికి ఎప్పుడు తీసుకెళ్తారురా అని మాత్రం అడుగుతూ ఉండేదండి."

ఆ గది ఇప్పటికీ ఎవరికీ ఇవ్వలేదు. తడి అలాగే ఉంది. అది ఎందుకన్నది నేను చదివిన ఏ పుస్తకంలోనూ దొరకలేదు.

గచ్చు తవ్వి, చూసింది చూసినట్టు చెప్పిన మల్లయ్యకు, అడిగిన పుస్తకమల్లా వెతికిపెట్టిన లైబ్రరీ నర్సింహాచారికి, ఇది దాచొద్దని పట్టుబట్టిన యాదమ్మకు నా కృతజ్ఞతలు. నేనెవరో తెలిసీ తలుపు తీసి, లోపలికి వచ్చి కూర్చోమన్న సూర్యారావుకు కూడా.