నేల వదలని పాదాలు

జింగనూర్ వైపు అడవి పల్లె నుంచి భీమక్క ఇప్పనూనె కుండ నెత్తిన పెట్టుకుని సిరొంచ అంగడికి నడిచి వస్తుంది. నడుము అటూ ఇటూ ఊగుతుంది, మెడ మాత్రం కదలదు. ఆ నడకను చూసి రాజలింగు చాయ్ హోటల్లో కూర్చునేవాళ్లు ఏళ్ల తరబడి నవ్వుకుంటున్నారు. ఆ రోజు హోటల్లోని కొత్త టీవీలో, ఎక్కడో పరదేశంలో ఆడవాళ్ల నడక పందెం, ఆఖరి చుట్టు. పరుగెత్తడానికి వీల్లేదట. అందరిదీ అదే ఊపు. "భీమక్కా, నీ చుట్టాలొచ్చిండ్రు, జర చూడు!" అన్నాడు రాజలింగు. అందరూ పగలబడి నవ్వారు.

భీమక్క కుండ దించకుండానే గడపలో నిలబడిపోయింది. తనలా నడిచేవాళ్లను చూడటానికి అంతమంది జనమా! ముందున్న పిల్ల పాదాల మీదే ఆమె చూపు నిలిచింది. వెనకామె దగ్గరపడేసరికి ఆ పిల్ల తొందరపడింది. "అయ్యో బిడ్డా, రెండు కాళ్లూ లేపినవ్. ఇగ అయిపాయె," అంది భీమక్క. అంతలోనే ఒక అధికారి ఎర్ర కార్డు చూపించి, రెండు పాదాలూ ఒకేసారి నేల వదిలాయని ఆ పిల్లను పందెంలోంచి తప్పించాడు. ఆమె అక్కడే కూలబడి ఏడ్చింది. హోటల్లో నవ్వు ఆగిపోయింది. "నీకెట్ల ఎరుకైంది అక్కా?" అన్నాడు రాజలింగు, గొంతు తగ్గించి. "ఒక కాలు ఆనకముందే ఇంకోటి లేస్తే నూనె ఒలుకుతది గద తమ్మీ," అని ఆమె అంగడి వైపు సాగింది. చాయ్ చల్లారుతున్నా, మలుపు దాకా అందరూ ఆమె పాదాలనే చూశారు. ఒక్కసారి కూడా రెండూ కలిసి నేలను వదల్లేదు.