కలిసింది అనాల్సిన మనిషి

హార్మోనియం పెట్టెలు బాగుచేసే ఆమెను వీధిలో అందరూ చెవులక్క అనేవారు. పక్కింట్లో గిన్నె జారిపడినా అది ఏ స్వరంలో మోగిందో చెప్పేస్తుందని ఆ పేరు. ఎవరి దగ్గరా నేర్చుకోలేదు. పాడైన పెట్టెలు విప్పి, మళ్లీ బిగిస్తూ పని పట్టుకుంది. మొదటి నుంచి చివరిదాకా తన చేత్తో చేసిన పెట్టె మాత్రం ఒక్కటే.

దాని మీద ఇత్తడి బిళ్లలో మరిది పేరు ఉంది.

మూడేళ్ల కిందట ఆమె జ్వరంతో మంచం పట్టిన వారంలో, ఆమె దగ్గరే పనిచేసే అతను ఆ బిళ్ల బిగించి, పెట్టెను సంగీత పాఠశాలకు ఇచ్చి, మెప్పంతా తనే పొందాడు. వేరే దుకాణం పెట్టుకున్నాడు. ఆ తర్వాత ఆమె కొత్త పెట్టె జోలికి పోలేదు. కోసి ఉంచిన టేకు చెక్కలు గోడవారన అలాగే ఉండిపోయాయి.

ఆ సాయంత్రం అతను అదే పెట్టెను మోసుకుంటూ గుమ్మంలోకి వచ్చాడు.

"ఏం మరిదిగారూ, దారి తప్పారా?"

"తిట్లు తర్వాత తిట్టు వదినా. ఆరింటికి పాఠశాలలో కచేరీ. మధ్య షడ్జమం వణుకుతోంది. నేనే గీకాను. ఇంకా పాడైంది."

ఆమె మూత తీసింది. వేలితో నొక్కే ఒక్కో మెట్టు కింద రెండు రీడ్లు, గాలికి మోగే ఇత్తడి రేకులు. రెండూ ఒకే స్వరం పలకాలి, లేకపోతే శబ్దం వణుకుతుంది. రీడు కొన గీకితే స్వరం పెరుగుతుంది, మొదలు గీకితే తగ్గుతుంది. అతను రెండు చోట్లా గీకి ఇత్తడి రేకును ఉల్లిపొర చేశాడు. ఇంకో రెండు గీతలకు మించి తట్టుకోదు. విరిగితే పోయేది తన పెట్టె గొంతే.

"గాలి తిత్తి పట్టుకో."

ఆ గదిలో ఒక పద్ధతి ఉండేది. గీకేవాళ్లు 'కలిసింది' అనకూడదు. చేతి తొందర చెవిని మోసం చేస్తుంది. ఆ మాట తిత్తి కొట్టేవాళ్లే అనాలి. ఒకప్పుడు అతని మాట మీద వందల రీడ్లు సరిచేసింది.

మొదటి గీత గీసి మెట్టు నొక్కింది. పెట్టె కోసం బయట ఆగిన వ్యాను హారన్ మోగింది. ఐదున్నర దాటింది. ఆమెకు కలిసినట్టే వినిపించింది. మరిది ముఖంలోకి చూసింది. అతను ఆ ఒక్క మాట అంటే చాలు, పెట్టె ఎత్తుకుని పోవచ్చు.

"లేదొదినా," అన్నాడు అతను. "ఇంకా వణుకుతోంది. సన్నగా."

"నిజం చెప్పడం ఎప్పుడు నేర్చుకున్నావు?"

"నా చెవి నువ్వు తయారుచేసిందే. అది అబద్ధమాడదు."

"నోరు ఆడుతుందిగా. గాలి నిలకడగా కొట్టు."

రెండో గీత. ఆమె మళ్లీ మెట్టు నొక్కింది.

"కలిసింది," అన్నాడు అతను.

ఆమె స్క్రూడ్రైవరు అతని చేతిలో పెట్టింది. "బిళ్ల విప్పు."

"నీ పేరు బిగించనా?"

"వద్దు. ఎవరైనా అడిగితే నోటితో చెప్పు. చెబితే రేపు పొద్దున్నే రా, ఆ చెక్కలకు ఇంకో చెయ్యి కావాలి. చెప్పకపోతే ఇక ఈ గుమ్మం తొక్కకు."

కచేరీలో ఆమె ఆఖరి వరసలో కూర్చుంది. మొదటి పాట అయ్యాక గాయని పెట్టె నిమిరి, "ఎవరు చేశారిది?" అంది. పాఠశాల పెద్ద అతన్ని చూపించాడు. అతను లేచి, చొక్కా గుండీ తిప్పుతూ నిలబడ్డాడు.

"మా వదిన," అన్నాడు చివరికి. "మూడేళ్లు నాదని చెప్పుకు తిరిగాను."

తలలన్నీ వెనక్కి తిరిగాయి.

"నన్నేం చూస్తారు? పాట కానివ్వండి," అంది చెవులక్క. "ఆ రీడు నిలుస్తుందో లేదో వినాలి."

నిలిచింది.

పొద్దున్నే అతను వచ్చేసరికి టేకు చెక్క బల్ల మీద ఉంది.

"నన్ను మన్నించావా వదినా?"

"ముందు రంపం పట్టుకో."