నోలీన్‌కి ఫోన్ చేయండి

ఎడారి మధ్యనున్న మా కుర్రాబిన్‌లో పనిగట్టుకుని ఎవరూ దిగరు. చలికాలంలో కారవాన్లు, అంటే చక్రాల ఇళ్లు, కార్ల వెనక తగిలించుకుని దేశం చూడ్డానికి బయలుదేరే రిటైరైనవాళ్లు, అవతలి ఊరు బాగా దూరమని తెలిసి ఇక్కడ ఆగుతారు. ఉన్నది ఒకటే వీధి. పెట్రోలు బంకు, నా పబ్బు, రైళ్లు రావడం మానేసిన స్టేషను. ఆ వీధి ఈ చివర నుంచి ఆ చివరకి నడిచి, ఈగలు తోలుకుంటూ నా దగ్గరకొచ్చి, ఇక్కడ చూడదగ్గవి ఏమున్నాయని అడుగుతారు. చూసొచ్చి మరీ అడుగుతుంటే నాకు ఒళ్లు మండుతుంది. అయినా స్టేషను వైపు చెయ్యి చూపిస్తాను.

స్టేషనులో మా మ్యూజియం ఉంది. దానికెప్పుడూ తాళమే. తలుపు మీద తెల్లరంగుతో ఒక మాట రాసి ఉంటుంది: చూడాలంటే నోలీన్‌కి ఫోన్ చేయండి. కింద నంబరు. ఎవరైనా చేస్తే, డెబ్బై దాటిన నోలీన్ పొయ్యి మీదున్నది దించేసి, తాళంచెవి పట్టుకుని తన పాత పికప్‌లో వస్తుంది. గొర్రెల బొచ్చు కత్తిరించే కత్తెరలు, డాక్టరు విమానాన్ని పిలిచే రేడియో, ఎవరి బిడ్డదో ఒక తోపుడు బండి, అన్నిటి కథలూ చెబుతుంది. చెప్పేవాడికి వినేవాడు లోకువ కదా. తలుపు పక్కన మేకుకి వేలాడే కాన్వాసు నీళ్ల సంచి దగ్గర మాత్రం ఆగదు. ఎవరిదని అడిగితే, ఎవరో కంచెలు వేసే ఆయనది అని ముందుకు నడుస్తుంది.

ఆ సంచి ఆమె భర్త క్లెమ్‌ది.

బండి ఆగిపోతే దాన్ని వదిలి కదలకూడదని ఈ చుట్టుపక్కల కొత్తవాళ్లందరికీ నేర్పింది క్లెమ్మే. బండి నీడ ఇస్తుంది. వెతికేవాళ్లకి ఆకాశం నుంచి బండి కనిపిస్తుంది, మనిషి కనిపించడు. ఇక్కడ పిల్లలకి అక్షరాల కంటే ముందు ఇది నేర్పుతాం. అలాంటివాడు ఇక్కడ నడివేసవి అయిన ఒక జనవరిలో, ఉత్తరం దారిలో ఇసుకలో దిగబడిన బండిని వదిలేసి ఊరివైపు నడిచాడు. బండి దొరికింది, వెనక డబ్బాలో ఇంకా నీళ్లున్నాయి. అతను చాలా దూరంలో దొరికాడు. సంచి ఖాళీగా ఉంది.

అంతా తెలిసినవాడు ఎందుకు నడిచాడా అని ఊరు ఊరంతా తల బద్దలు కొట్టుకుంది. నోలీన్‌కి మాత్రం తెలుసు. చాలా ఏళ్ల తర్వాత ఒకసారి నా వంటింట్లో బంగాళాదుంపల తొక్క తీస్తూ చెప్పింది. ఆ ఉదయం పొయ్యి మీద మాంసం మాడిందని ఇద్దరికీ మాటా మాటా వచ్చింది. అతను ఎటు వెళ్తున్నాడో చెప్పలేదు. ఆమె అడగలేదు. తనెక్కడున్నాడో ఎవరికీ తెలియదని క్లెమ్‌కి తెలుసు. ఎవరూ రారని తెలిసినవాడు ఎంతసేపని కూర్చుంటాడు?

క్లెమ్ పోయినప్పట్నుంచి నోలీన్ మ్యూజియానికి వచ్చినవాళ్లందరినీ ఎటు వెళ్తున్నారని అడుగుతుంది. ఉత్తరం దారి అంటే, మధ్యలో సెల్‌ఫోను పనిచెయ్యదు గనక, అవతలి ఊరు చేరగానే ఫోన్ చేయమంటుంది. ఏ కొద్దిమందో చేస్తారు. మిగతావాళ్లు మరిచిపోతారు. ఆమె ఫోను పక్కన కుర్చీ వేసుకుని, టీ చల్లారిపోయినా తాగకుండా కూర్చుంటుంది. చేతులు కాలాక ఆకులు పట్టుకుంటోందని నా పబ్బులో ఎవరో ఒకరు అంటూనే ఉంటారు. అన్నవాడి ముందు గ్లాసు కాస్త గట్టిగానే పెడతాను.

పోయిన ఆగస్టు చలికాలంలో రస్సెల్, లినెట్ అనే దంపతులు వచ్చారు. ఆయన సిటీ బస్సు డ్రైవరుగా రిటైరయ్యాడు. నోలీన్ వాళ్లకి మ్యూజియం చూపించి, భోజనానికి నా దగ్గరకి తీసుకొచ్చి, అడగాల్సింది అడిగింది.

"నలభయ్యేళ్లు బస్సు నడిపానమ్మా. ఒక్కసారి దారి తప్పలేదు," అన్నాడు రస్సెల్.

"తప్పుతారని కాదు. మీరెక్కడున్నారో ఒక మనిషికి తెలిసుండాలి."

"మా ఆవిడకి తెలుసుగా. పక్కనే కూర్చుని ఎటు తిప్పాలో పొద్దస్తమానం చెబుతూనే ఉంటుంది."

లినెట్ నవ్వలేదు. నంబరు అరచేతి మీద రాసుకుని, సాయంత్రానికల్లా చేస్తానంది.

సాయంత్రం ఫోన్ రాలేదు. నోలీన్ అవతలి ఊరి బంకుకి ఫోన్ చేస్తే, రోజుకెన్నో కారవాన్లు వస్తాయి, ఎవరెవరో ఎలా చెప్పగలమన్నారట. పోలీసాయన తెల్లారేదాకా చూద్దామన్నాడట. పబ్బులో అయితే అందరిదీ ఒకటే మాట, వాళ్లు ఈపాటికి కాళ్లు చాపుకుని టీవీ చూస్తుంటారని.

తెల్లారేసరికి నోలీన్ నా గుమ్మం ముందు ఉంది. బండి వెనక నీళ్ల డబ్బాలు కట్టేసి ఉన్నాయి. నేను ఫ్లాస్కులో టీ పోసుకుని, లోపల మాంసం కూరి కాల్చిన పైలు నాలుగు మూటగట్టి ఎక్కాను. క్లెమ్ బండి దొరికిన చోటు దాటుతున్నప్పుడు కూడా నోలీన్ తల తిప్పలేదు.

ఆ తర్వాత చాలా దూరం వెళ్లాక కనిపించింది కారవాను. ఒక పక్క చక్రం ఇరుసు దాకా ఇసుకలో దిగబడి, కుదుపుకి నీళ్ల ట్యాంకు పగిలి ఉంది. దాని నీడలో ఇద్దరూ మడత కుర్చీల్లో కూర్చున్నారు. రస్సెల్ కాళ్లకి బూట్లు బిగించి ఉన్నాయి. ఒళ్లో సంచి, నెత్తిన టోపీ.

"ఊళ్లోకి నడుస్తానని నిన్నట్నుంచీ ఒకటే గొడవ. నేనే కదలనివ్వలేదు," అంది లినెట్. "చేస్తానని ఆవిడకి మాటిచ్చాను, ఫోన్ రాకపోతే ఆవిడ ఊరుకోదు, కూర్చో అన్నాను."

రస్సెల్ తలెత్తలేదు. "మీరొస్తారని తెలుసు గనక కూర్చున్నానమ్మా. లేకపోతే నడిచేవాణ్ణే."

నోలీన్ చేతిలోని నీళ్ల డబ్బా కింద పెట్టింది. క్లెమ్‌ని పూడ్చిన రోజు ఈమె కంట నీటి చుక్క చూడలేదు నేను. ఇప్పుడు ఆ ఇసుకలోనే కూలబడి ఏడ్చింది. ముప్పయ్యేళ్ల ఏడుపు అది, చూస్తుంటే నాకు భయమేసింది.

"నేను అడిగుంటే క్లెమ్ కూడా కూర్చునేవాడు, వాండా," అంది నాతో.

ఇన్నేళ్లూ, కాదులే, నీ తప్పేం లేదులే అంటూ వచ్చాను. ఆ రోజు ఆ అబద్ధం నోటికి రాలేదు. పక్కన కూర్చుని చెయ్యి పట్టుకున్నాను.

"కూర్చునేవాడే," అన్నాను.

చాలాసేపటికి లేచి, మొహం తుడుచుకుని, వాళ్లకి నీళ్లిచ్చింది. బండి బయటకి లాగాక, ఇప్పుడెటు వెళ్తారని అడిగింది. ఈసారి రస్సెల్ కూడా తన అరచేతి మీద నంబరు రాసుకున్నాడు.

ఆ వారంలోనే మ్యూజియం చూస్తామని ఇంకో కారవాను వాళ్లు వచ్చారు. నోలీన్ వాళ్లని తలుపు పక్కన, నీళ్ల సంచి దగ్గర ఆపింది.

"ఇది మా ఆయన క్లెమ్‌ది," అంది. "ఆ రోజు ఎటు వెళ్తున్నావని నేను అడగలేదు."