అందరి సంచుల్లోనూ మందు

ఆ రోజుల్లో ఒంటరితనం అంటే ఏమిటో నాకు బాగా తెలుసని అనుకునేదాన్ని. హాస్టల్లో పదిమంది మధ్య కూర్చుని, నోటుబుక్కుల చివరి పేజీల్లో దాని గురించి ఏవేవో రాసుకునేదాన్ని కూడా. ఎనభైల మొదట్లో మొదటి ఉద్యోగం బాన్సువాడలో పడి, బడి అయ్యాక కిరాయి గదికి వచ్చి తాళం తీసినప్పుడు తెలిసింది, అప్పటిదాకా రాసుకున్నదంతా ఉత్తదేనని. ఐదింటికి టీ, ఆరింటికి బల్బు (కరెంటుకు ఇష్టమైతే), ఆ తర్వాత గోడ. గోడ మీది బల్లికి బడి కబుర్లు చెప్పడం మొదలుపెట్టిన వారం నా మీద నాకే భయం వేసింది.

నా దగ్గర ఒక ఆట ఉండేది. హాస్టల్లో నా గదిలో ఉన్న పిల్ల వాళ్లన్న బొంబాయి నుంచి తెచ్చిన ఇంగ్లీషు పుస్తకం చూసి చేత్తో రాసుకున్నాను. ఒకరు కథ చెబుతారు, మిగతావాళ్లు ఆ కథలో మనుషులవుతారు. ఒకరు కత్తి పట్టిన వీరుడు, ఒకరు మంత్రగత్తె, ఒకరు గాయాలకు మందు వేసే వైద్యురాలు. ఏం చేస్తారో చెప్పి పాచిక వేయాలి, పడిన అంకెను బట్టి అది జరుగుతుంది, లేదా జరగదు. దానికి ఇరవై ముఖాల పాచిక కావాలట. బాన్సువాడ బజారంతా తిరిగినా అలాంటిది దొరకదు కాబట్టి ఆరు గవ్వలతో సరిపెట్టాను.

ఒక ఆదివారం మధ్యాహ్నం సిగ్గు విడిచి అడిగితే ముగ్గురు దొరికారు. ఇంటి యజమానురాలు అవ్వ, వాకిట్లో చాట ఒళ్లో పెట్టుకుని బీడీలు చుట్టేది. అత్త ముందు నోరెత్తని ఆమె కోడలు. పక్కింట్లో జాకెట్లు కుట్టే మిషనక్క. అవ్వ వైద్యురాలు, కోడలు మంత్రగత్తె, మిషనక్క వీరుడు. పిట్లం అవతల గుట్టలో రాక్షసుడున్నాడు, మూడు రోజులు అడవిలో నడిచి వెళ్లాలి అన్నాను. "నడుసుడెందుకు, పిట్లం బస్సుంది గదా" అంది మిషనక్క. ఆ ఆదివారం నేను ఎంత నవ్వానంటే, సాయంత్రం బల్లికి చెప్పడానికి ఏమీ మిగల్లేదు.

మూడో ఆదివారానికి పంచాయితీ మొదలైంది. "గామె ఒక్క మంత్రం ఏస్తే రాక్షసుడు బూడిదైతుండు. ఇగ నేను గీ కత్తి పట్టుకొని నిలబడుడు ఎందుకు, ఉల్లిగడ్డలు కొయ్యనీకా?" అని మిషనక్క లేచి నిలబడింది. ఉన్నదే ముగ్గురు, అందులో ఒకరు పోతే నా గతేమిటి? వెంటనే మంత్రాలను రోజుకు మూడుకు తగ్గించాను. కోడలు తలెత్తకుండా, "ఇంట్ల గట్లనే, ఆటల గూడ గట్లనేనా టీచరమ్మా" అంది. దాంతో మంత్రాలు తిరిగిచ్చేసి, మిషనక్క కత్తికి నిప్పులు కక్కే శక్తి ఇచ్చాను.

ఇక మిగిలింది అవ్వ. ఎవరికైనా దెబ్బ తగిలినప్పుడే ఆమెకు పని. అప్పుడు చాట దించి "ఏడ తాకింది బిడ్డా?" అని అడిగేది. కోడలు నిజంగానే చెయ్యి చాపేది. అవ్వ ఆ చెయ్యి పట్టుకుని, అటూ ఇటూ తిప్పి చూసి, అప్పుడు గవ్వలు వేసేది. ఇదంతా నా కళ్ల ముందే జరిగింది. అయినా నాకు మాత్రం పాపం ముసలామె ఊరికే కూర్చుంటోందనే అనిపించింది. శనివారమంతా కాగితం మీద గళ్లు గీసి, తరాజులో తూచినట్టు సమానం చేశాను. అందరికీ కత్తి, అందరికీ మంత్రాలు, అందరి సంచుల్లోనూ మందు. (నా తెలివికి నేనే మురిసిపోయి ఆ సాయంత్రం ఉప్మాలో జీడిపప్పు వేసుకున్నాను.)

మర్నాడు ఆటలో కోడలికి బాణం తగిలింది. అవ్వ చాట దించింది. "ఏడ తాకింది బిడ్డా?"

"నా సంచిల మందుందత్తా" అంది కోడలు.

మిషనక్కకూ దెబ్బ తగిలింది, ఆమె సంచిలోనూ ఉంది. అవ్వ చాట మళ్లీ ఒళ్లోకి తీసుకుంది. "అవ్వా, నీకూ కత్తి ఉంది, రాక్షసుణ్ణి నరకొచ్చు" అని గుర్తుచేశాను. "నాకెందుకమ్మా, వాడు నన్నేం జేసిండు" అని ఆకు కత్తిరించుకుంది.

తర్వాతి ఆదివారం అవ్వకు బీడీల పని ఎక్కువైంది. అత్త పని చేస్తుంటే కోడలు ఆటకెలా వస్తుంది? మిషనక్కకు పెళ్లి జాకెట్లు వచ్చి పడ్డాయి. నేను గదిలో కూర్చుని ముగ్గురి ఆటా ఒక్కదాన్నే ఆడాను. ఎవరి గాయం వాళ్లే మాన్పుకున్నారు, ఎవరితోనూ ఎవరికీ మాట లేదు. చీకటి పడేదాకా ఆడినా రాక్షసుడు చావలేదు. బల్లి అంతా చూసింది. నాకు ఏడుపొచ్చింది.

ఆ వారమే జ్వరం పట్టుకుంది. రెండు రోజులు బడికి పోలేదు. మూడోనాడు పొద్దున అవ్వ మిరియాల కషాయం గ్లాసుతో గడపలో నిలబడి, "ఏం టీచరమ్మా, నీ సంచిల మందు లేదా?" అంది.

"అయిపోయిందవ్వా" అన్నాను. (దిండు కింద జ్వరం గోలీలు నిండుగా ఉన్నాయి.)

ఆమె లోపలికొచ్చి నుదుటి మీద చెయ్యి పెట్టి, "ఏడ నొస్తుంది బిడ్డా?" అంది. ఆ చెయ్యి పట్టుకుని ఏడ్చాను. జ్వరం తగ్గాక గళ్ల కాగితం చింపి అవ్వ పొయ్యిలోనే వేశాను. ఆటలో మందు మళ్లీ అవ్వ సంచిలోకే పోయింది. నాకు బదిలీ అయ్యేదాకా మిషనక్క ప్రతి ఆదివారం అన్యాయమని గొణుగుతూనే వచ్చింది.

ఇప్పుడు రిటైరై పట్నంలో ఒక్కదాన్నే ఉంటున్నాను. మందుల డబ్బాలో వారానికి సరిపడా గోలీలు గళ్లు గళ్లుగా సర్ది ఉంటాయి, అన్నీ సమానంగా. నిన్న తలనొప్పి వస్తే ఆ డబ్బా మూసేసి, ఎదురింటి తలుపు కొట్టి గోలీ ఉందా అని అడిగాను. "లేదాంటీ, ఫోన్లో తెప్పిస్తా, పది నిమిషాల్లో వచ్చేస్తుంది" అంది ఆ అమ్మాయి, పాపం మంచిది.

"అయితే ఆ పది నిమిషాలు ఇక్కడ కూర్చోనా అమ్మా?" అని అడిగాను.